డాష్‌బోర్డ్ ప్యానెళ్ళు గీత పడకుండా, లాకులు విరక్కుండా ఊడదీయడం ఎలా?

కొత్త_స్టీరింగ్
నాది 2017 గ్రాండ్ ఐ10, డాష్‌బోర్డ్ మీద ఇప్పటివరకు ఒక్క గీత లేదు. ఇప్పుడు పాత స్టీరియో తీసేసి టచ్ స్క్రీన్ పెట్టాలి, రివర్స్ కెమెరా వైరు, డాష్‌క్యామ్ వైరు బయటికి కనపడకుండా లాగాలి. యాక్సెసరీస్ షాపుకెళ్తే అరగంట పని సార్ అన్నాడు గానీ, అక్కడే నా ముందు బండికి ఓ కుర్రాడు పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి టక్కున లేపాడు, ప్యానెల్ అంచు తెల్లగా మచ్చలు పడిపోయింది, ఓనరేమో బయట టీ తాగుతున్నాడు పాపం. అది చూశాక బండి ఇవ్వబుద్ధి కాలేదు, తిప్పుకుని వచ్చేశా. నేనే చేసుకుందామని ఉంది, ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీలు విప్పే అలవాటుంది. కానీ కార్లో ఒక్క స్క్రూ కూడా పైకి కనపడదే! ఎక్కడ పట్టుకుని లాగాలి, ఎంత బలం పెట్టాలి, ఎయిర్‌బ్యాగ్ దగ్గర చెయ్యి పెట్టొచ్చా? చేసినవాళ్ళు చెప్పండి.

సీమ_డ్రైవర్
వెనక్కి తిప్పుకుని వచ్చినావే, సగం పని అయిపోయింది పో.

నట్టూ_బోల్టూ
ముందు ఒకటి అర్థం చేసుకో తమ్ముడూ, ప్యానెల్ పట్టుకుని ఉండేవి రెండు రకాలు. ఒకటి స్క్రూలు, రెండు క్లిప్పులు. క్లిప్పుల్లో మళ్ళీ స్ప్రింగు రేకు క్లిప్పులు ఉంటాయి, ప్యానెల్‌తో కలిపి పోసిన ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి, మేకులా లోపలికి గుచ్చే చెట్టు ఆకారం ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. స్ప్రింగు రేకు క్లిప్పు ఎన్నిసార్లు తీసినా బతుకుతుంది. ప్లాస్టిక్ కొక్కెం మాత్రం పక్కకి వంచితే విరుగుద్ది. విరిగేవి ఎక్కువగా ఇవే.

అందుకని ప్యానెల్ ఎటువైపు అమర్చారో సరిగ్గా దానికి ఎదురు దిశలో, నిలువుగా లాగాలి. డాష్‌బోర్డ్ ముందు భాగంలో ఉన్నవి నీ ఛాతీ వైపుకి వస్తాయి. తలుపు కింద కాలు పెట్టే చోట ఉండే పట్టీలు పైకి వస్తాయి. ఒక మూల బాగా లేపేసి రెండో మూల తర్వాత చూద్దాంలే అనుకుంటే రెండో మూల కొక్కెం పక్కకి వంగి టప్ మంటుంది. ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం, అలా చుట్టూ తిరుగుతూ రావాలి. ముళ్ళకంప మీద పడ్డ చీర తీసినట్టు తియ్యాలి, అంతే.

బలం సంగతి అడిగావు. క్లిప్పు వదిలేటప్పుడు కొంచెం గట్టిగానే లాగాల్సి వస్తుంది, టక్ మని శబ్దం కూడా వస్తుంది, దానికి భయపడకు. కానీ లాగుతుంటే ప్యానెల్ మధ్యలో విల్లులా వంగుతోందీ అంటే అక్కడ స్క్రూ ఉన్నట్టే. ఆగి వెతుకు. స్క్రూలు దాచే చోట్లు కంపెనీలకి అలవాటే: గ్లవ్ బాక్స్ తెరిస్తే లోపలి అంచున, చిన్న చదరం మూత కింద, కాయిన్ ట్రే రబ్బరు మ్యాట్ కింద, గేరు లివర్ తోలు కింద.

గోదారి_బండి
టూల్ సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ. ఆన్‌లైన్లో ప్యానెళ్ళు లేపే నైలాన్ ట్రిమ్ టూల్ సెట్ రెండు మూడొందల్లో దొరుకుద్ది, అది కొనుక్కోండి. అయినా నేనైతే చిన్న మైనస్ స్క్రూడ్రైవర్‌కి ఇన్సులేషన్ టేప్ నాలుగు చుట్లు చుట్టి చేసేస్తానండీ, ఏమీ కాదు.

నట్టూ_బోల్టూ
@గోదారి_బండి మీరు జాగ్రత్తగా చేస్తారు కాబట్టి నడుస్తోంది అన్నా, మొదటిసారి చేసేవాడికి ఆ సలహా ఇవ్వొద్దు. టేప్ చుట్టినా లోపల ఉన్నది ఇనుమే, కొన సన్నం, బలమంతా ఒక్క చుక్క మీద పడుతుంది, ప్యానెల్ అంచు కన్నా గట్టిది కాబట్టి అంచే నలుగుతుంది. నైలాన్ టూల్ అయితే ముందు అదే అరుగుతుంది. అరగాల్సింది వంద రూపాయల టూల్, ఐదు వేల ప్యానెల్ కాదు.

గోదారి_బండి
సరేనండీ, ఆ మాట ఒప్పుకుంటా. కానీ సందు మరీ సన్నగా ఉన్న చోట నైలాన్ టూల్ దూరదు కదా, అక్కడేం చేస్తారు?

బెజవాడ_బాడీషాప్
పాత ఏటీఎం కార్డు. ముందు కార్డు దూర్చి సందు తెరిచి, ఆ సందులో టూల్ పెట్టాలి. టూల్ ఆనే రెండు వైపులా మాస్కింగ్ టేప్ వెయ్యాలి, తీసే ప్యానెల్ మీదే కాదు, పక్కన ఉండిపోయే ప్యానెల్ మీద కూడా. గీతలు ఎక్కువ పడేది పక్కదాని మీదే, ఎందుకంటే టూల్ దాన్ని ఆనుకునే లేస్తుంది. పియానో బ్లాక్ అని నల్లగా మెరిసే ప్యానెళ్ళు వస్తున్నాయిగా ఇప్పుడు, వాటి మీద దుమ్ము ఉండగా టేప్ వేసి రుద్దినా గీత పడుద్ది. ముందు మెత్తటి తడిగుడ్డతో తుడవండి.

రామగుండం_రైడర్
బండి ఎండల గంటసేపు పెట్టి తియ్యి అన్నా, ప్లాస్టిక్ మెత్తగయి మంచిగ ఊడొస్తది. మా దోస్తు గట్లనే తీసిండు.

పాలిమర్_పంతులు
@రామగుండం_రైడర్ మీ ఊళ్ళో మే నెలలో ఎండలో పెడితే డాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీలు దాటిపోతుంది, అప్పుడు చెయ్యడం మంచిది కాదు. మెత్తబడ్డ కొక్కెం విరగదు నిజమే, కానీ వంగి అలాగే ఉండిపోతుంది, మళ్ళీ పెట్టాక పట్టు ఉండదు, కిర్రుకిర్రు మొదలవుతుంది. పైగా మెత్తటి తోలు లాంటి పూత ఉన్న డాష్‌లైతే టూల్ ఆనిన చోట గుంట పడి ఉండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంకో ప్రమాదం, పెళుసుగా విరుగుతుంది. నీడలో, 30 డిగ్రీల దగ్గర, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నప్పుడు చేస్తే అన్నిటికన్నా మేలు. మన దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే సరిపోతుంది.

రామగుండం_రైడర్
మా దోస్తు డిసెంబర్ల తీసిండు సార్, గందుకే మంచిగొచ్చినట్టుంది 😀

మిన్నెసోటా_మంచు
చలి సంగతి నన్నడగండి. ఇక్కడ జనవరిలో మైనస్ 20 మామూలు. గ్యారేజీలో హీటర్ లేకపోతే ప్యానెల్ జోలికి వెళ్ళనే వెళ్ళను, తప్పనిసరి అయితే బండి బయట నిలబెట్టి ఇంజిన్ ఆన్ చేసి హీటర్ ఫుల్లు పెట్టి అరగంట కూర్చుని, కేబిన్ అంతా వేడెక్కాక ఇంజిన్ ఆపి మొదలుపెడతా. అయినా క్లిప్పులు ఉన్న చోట హెయిర్ డ్రయర్ ఓ నిమిషం తిప్పుతా. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం ఇంజిన్ నడపొద్దు ఎవరూ, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కొత్త_స్టీరింగ్
హెయిర్ డ్రయర్ ఇంట్లో ఉంది కానీ మా ఆవిడ పర్మిషన్ కావాలి 😄 పంతులు గారూ, చలికి పెళుసు అవడం అన్ని ప్లాస్టిక్‌లకీ ఒకటేనా?

పాలిమర్_పంతులు
కాదు. డాష్‌బోర్డ్ పెద్ద ముక్కలు ఎక్కువగా పాలీప్రొపిలీన్, అందులో టాల్క్ పొడి కలుపుతారు. పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే బిరుసెక్కుతుంది, అందుకే మిన్నెసోటా వాళ్ళకి ఆ తిప్పలు. మెరిసే అలంకరణ ముక్కలు, స్టీరియో చుట్టూ ఉండే ఫ్రేములు ఎక్కువగా ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్, లేదా దానికి పాలీకార్బొనేట్ (పీసీ) కలిపినది. ఏ ముక్క దేనితో చేశారో ఊహించక్కర్లేదు, ఊడదీశాక వెనక చూడండి, రెండు బాణం గుర్తుల మధ్య రాసి ఉంటుంది. పీపీ టీడీ20 అని ఉంటే పాలీప్రొపిలీన్‌లో 20 శాతం టాల్క్ అని. ఆ రాసే పద్ధతికి ఐఎస్ఓ 11469 అని ప్రమాణమే ఉంది.

కొత్త_స్టీరింగ్ షాపులో చూసిన తెల్లమచ్చలు కూడా దీనివల్లే. ప్లాస్టిక్ దాని ఓపికకి మించి సాగినప్పుడు లోపల కంటికి కనపడని చీలికలు వచ్చి అక్కడ వెలుతురు చెదిరి తెల్లగా కనపడుతుంది. అది రంగు పోవడం కాదు, తుడిస్తే పోదు.

డాష్‌క్యామ్_బావ
ఆ తెల్లమచ్చ పోగొట్టే మార్గం లేదా పంతులు గారూ? మా చెల్లెలి బండికి ఎవరో అలాగే చేశారు.

పాలిమర్_పంతులు
పూర్తిగా పోదు, తగ్గుతుంది. హెయిర్ డ్రయర్ దూరంగా పట్టుకుని మెల్లగా వేడి చేస్తే ఆ చీలికలు కొంత మూసుకుని రంగు తిరిగి వస్తుంది. పెయింట్ పీకే హీట్ గన్ మాత్రం వాడకండి, ప్యానెల్ మీద గరుకు కరిగిపోయి అక్కడ జిగేల్‌మంటూ కొత్త మచ్చ తయారవుతుంది.

ఈసీయూ_అక్క
ఎయిర్‌బ్యాగ్ గురించి అడిగి ఇంతసేపైంది, ఎవరూ జవాబు చెప్పలేదు. పదేళ్ళుగా వైరింగ్ పనిలో ఉన్నాను, ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెల్ తియ్యడానికి ఎయిర్‌బ్యాగ్ ముట్టుకోవాల్సిన అవసరమే లేదు. కానీ డాష్ వెనకాల పసుపు రంగు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), పసుపు గొట్టంలో వెళ్ళే వైర్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని పీకొద్దు, పక్కకి లాగి కట్టొద్దు, వాటి మీద మల్టీమీటర్ అస్సలు పెట్టొద్దు. మీటర్ పంపే చిన్న కరెంటు చాలు ప్రమాదం జరగడానికి.

పని మొదలుపెట్టే ముందు తాళం ఆఫ్ చేసి బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి, పది నంబర్ స్పానర్ చాలు. విప్పగానే చెయ్యి పెట్టొద్దు. యాక్సిడెంట్‌లో బ్యాటరీ తెగిపోయినా బ్యాగు తెరుచుకోవాలని ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ లోపల కెపాసిటర్‌లో కరెంటు దాచి ఉంచుతారు. అది దిగిపోవడానికి కొన్ని కంపెనీలు నిమిషంన్నర అని, కొన్ని మూడు నిమిషాలని రాస్తాయి, నేను పది నిమిషాలు ఆగుతాను. ఎయిర్‌బ్యాగ్ కప్లర్ ఏదైనా ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేశారో, స్పీడోమీటర్ దగ్గర ఎర్ర లైటు వెలిగి ఫాల్ట్ కోడ్ పడిపోతుంది, కప్లర్ మళ్ళీ పెట్టినా చాలా బండ్లలో స్కానర్ పెడితేనే పోతుంది.

గోదారి_బండి
అక్కా, స్టీరియో మార్చడానికి బ్యాటరీ కూడా తియ్యాలా? గడియారం, రేడియో స్టేషన్లు, కిటికీ ఆటో సెట్టింగు అన్నీ పోతాయి కదండీ. కొన్ని బండ్లకి స్టీరియో కోడ్ కూడా అడుగుద్ది.

ఈసీయూ_అక్క
పోతాయి, మళ్ళీ ఐదు నిమిషాల్లో పెట్టుకోవచ్చు. స్టీరియో కోడ్ ఉన్న బండి అయితే ముందే మాన్యువల్లో చూసి రాసిపెట్టుకోండి. కరెంటు ఉండగా స్టీరియో వెనక వైరు బాడీ ఇనుముకి తగిలితే ఫ్యూజు పోతుంది, ఖర్మ కాలితే ఇంకేదో కూడా పోతుంది. రెండు పక్కలా పెట్టి చూస్తే నేను బ్యాటరీనే విప్పుతాను. ఇంకోటి, బ్యాటరీ విప్పేముందు కిటికీ ఒకటి దించి ఉంచండి, తాళం జేబులోనే పెట్టుకోండి. గేరు దగ్గర ప్యానెల్ కూడా తియ్యాల్సి వచ్చి, బండి ఆటోమేటిక్ అయితే, బ్యాటరీ తీశాక లివర్ పీ (పార్కింగ్) లోంచి కదలదు, ముందే కిందకి దించి హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకి రాళ్ళు పెట్టుకోవాలి.

డాష్‌క్యామ్_బావ
అక్కా, డాష్‌క్యామ్ వైరు ముందు అద్దం పక్క స్తంభంలోంచి దించాలి కదా, ఆ కవర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంది మా బండికి.

ఈసీయూ_అక్క
@డాష్‌క్యామ్_బావ రాసి ఉంటే అందులో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, అంటే పక్క కిటికీల మీదికి పరదాలా దిగేది, ఉన్నట్టు. అప్పుడు వైరు బ్యాగు ముందు నుంచి పోకూడదు. బ్యాగు తెరుచుకుంటే వైరుని, దానికి తగిలించిన కెమెరాని మొహం మీదికి విసురుతుంది. స్తంభం వెనక కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) పోయే దారి ఉంటుంది, బ్యాగు వెనక నుంచి ఆ హార్నెస్ వెంబడే పంపి దానికే టై కట్టాలి. ఆ కవర్ క్లిప్పులకి తాడు లాంటి పట్టీ ఉంటుంది, కవర్ ఎగిరిపోకుండా ఆపేది అదే. చాలా బండ్లలో ఆ క్లిప్పు ఒక్కసారికే, తీశాక కొత్తది వెయ్యాలి. ధైర్యం లేకపోతే స్తంభం జోలికి పోకుండా తలుపు రబ్బరు బీడింగ్ కింద వైరు నొక్కి దించు, ఆ పక్కనున్న బ్యాగుకి అడ్డం రాకుండా చూసుకుంటే చాలు.

కొత్త_స్టీరింగ్, నీ బండి స్తంభం కవర్ మీద ఆ మాట లేకపోతే నీకు ఈ గొడవ లేదు.

కొత్త_స్టీరింగ్
ఇప్పుడే వెళ్ళి చూశా, లేదక్కా. హమ్మయ్య. మన దగ్గర 2021 నుంచి ముందు రెండు బ్యాగులూ తప్పనిసరి చేశారు కదా, అంతకుముందు బండి కాబట్టి పక్క సీటు ముందు ఉందో లేదో అనుకున్నా, డాష్ మీద ముద్ర ఉంది, ఉన్నట్టే.

సీమ_డ్రైవర్
స్క్రూలు ఏ ప్యానెల్‌వి ఏవో కలిసిపోతాయి, దానికి ఇడ్లీ పళ్ళెం తెచ్చుకో. ఒక్కో గుంటలో ఒక్కో ప్యానెల్ స్క్రూలు. మా వర్క్‌షాపులో ముసలాయన అట్లే చేస్తాడు, ఎప్పుడూ ఒక్కటి మిగలదు. పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగించినావంటే ప్లాస్టిక్ పొడుచుకుని బయటికొస్తాది, మల్ల ఏడ్చినా రాదు.

బెజవాడ_బాడీషాప్
ఇడ్లీ పళ్ళెం 👌 దాంతోపాటు ప్రతి అడుగుకీ ఫోన్లో ఫోటో తియ్యండి. ఇంకా ఒక సంగతి, పని మొదలుపెట్టే ముందే నాలుగైదు స్పేర్ క్లిప్పులు కొనిపెట్టుకోండి. ఆటోనగర్లో పాత క్లిప్పు చూపిస్తే అదే సైజు చేతిలో పెడతారు, రూపాయల్లోనే వ్యవహారం. క్లిప్పు లేకుండా ప్యానెల్ వాపసు పెట్టేస్తే గతుకుల రోడ్డు మీద ఆ చప్పుడు వెతకడానికి ఆర్నెల్లు పడుద్ది.

నట్టూ_బోల్టూ
క్లిప్పుల గురించి బాడీషాప్ అన్న చెప్పినదానికి ఇంకో ముక్క. ప్యానెల్ ఊడొచ్చాక కొన్ని రేకు క్లిప్పులు ప్యానెల్‌తో రాకుండా డాష్ రంధ్రంలోనే ఉండిపోతాయి. అలాగే ప్యానెల్ నొక్కితే పట్టదు, ఇంకా గట్టిగా గుద్దితే విరుగుతుంది. నోస్ ప్లయర్‌తో లోపలున్నవి తీసి ప్యానెల్ కాడకి తొడిగి, అప్పుడు అన్నీ రంధ్రాలకి ఎదురుగా ఉన్నాయో లేదో చూసి అరచేత్తో నొక్కాలి. రంధ్రం లోపలికి జారిపోకుండా కింద ఒక పాత తువ్వాలు దోపు.

ప్యానెల్ కొంచెం రాగానే ఆనందంతో లాగేయకు, వెనక స్విచ్చుల వైర్లు ఉంటాయి. సందులోంచి టార్చి వేసి చూసి, కప్లర్ మీద చిన్న నాలుక ఉంటుంది, దాన్ని నొక్కి కప్లర్ పట్టుకుని తియ్యి, వైరు పట్టుకుని లాగొద్దు.

కొత్త_స్టీరింగ్
ఆదివారం పొద్దున్న చేసేశానండీ! స్టీరియో చుట్టూ ఉన్న ఫ్రేము మొత్తం క్లిప్పుల మీదే ఉంది, పైకి స్క్రూ ఒక్కటీ లేదు. టేప్ వేసి, ఏటీఎం కార్డుతో సందు తెరిచి, కింద మూల నుంచి చుట్టూ తిరిగా. మొదటి టక్ శబ్దానికి గుండె ఆగినంత పనైంది, నట్టూ అన్న ముందే చెప్పబట్టి ఆగకుండా చేశా. వెనక స్టీరియోకి నాలుగు స్టార్ స్క్రూలు. కొత్తది 2 డిన్ సైజు, 180 కి 100 మిల్లీమీటర్లు, బ్రాకెట్టులో సరిగ్గా కూర్చుంది. వైరు ఎక్కడా కొయ్యలేదు, కప్లర్‌కి కప్లర్ కలిపే హార్నెస్ కొన్నా. రేకు క్లిప్పు ఒకటి డాష్‌లో ఉండిపోతే నోస్ ప్లయర్‌తో తీసి ప్యానెల్‌కి పెట్టా. డాష్‌క్యామ్ వైరు బీడింగ్ కింద నుంచి దించేశా. ఒక్క గీత లేదు. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

మిగిలింది ఒక్కటే. ఫ్రేము కుడి మూల గతుకుల్లో కిటకిట అంటోంది. క్లిప్పులన్నీ పట్టాయి, వేలితో నొక్కితే శబ్దం ఆగుతోంది.

బెజవాడ_బాడీషాప్
అది విరగడం కాదు, రెండు ప్లాస్టిక్‌లు రాసుకోవడం. ఇప్పుడు తియ్యడం వచ్చుగా, ఆ మూల మళ్ళీ తీసి, రెండూ ఆనుకునే చోట నూలు లాంటి బట్ట టేప్ ముక్క అతికించు. కార్ వైరింగ్‌కి చుట్టే మెత్తటి టేప్ అడిగితే ఇస్తారు. స్పాంజి వద్దు, రెండేళ్ళకి పొడైపోద్ది. మందంగా వెయ్యకు, క్లిప్పు పూర్తిగా లోపలికి పోదు.

డాష్‌క్యామ్_బావ
ఇదే చోట నాదీ అడుగుతా. చెల్లెలి బండి ప్యానెల్ వెనక కొక్కెం ఒకటి విరిగి ఉంది, ముక్క దొరికింది. ఫెవిక్విక్ వేస్తే అతుకుతుందా?

పాలిమర్_పంతులు
వెనక ఏం రాసి ఉంది?

డాష్‌క్యామ్_బావ
పీపీ అని ఉంది, పక్కన ఇంకేదో అరిగిపోయింది.

పాలిమర్_పంతులు
అయితే గమ్ము మీద ఆశ పెట్టుకోకండి. పాలీప్రొపిలీన్‌కి మామూలు గమ్ములు పట్టవు, ఎండిపోయి పెచ్చులా ఊడిపోతాయి. ఏబీఎస్ అయి ఉంటే అతికేది. దీనికి ప్లాస్టిక్ వెల్డింగే, సోల్డరింగ్ ఐరన్‌తో రెండంచులూ కరిగించి, మధ్యలో సన్నటి స్టీలు జాలీ ముక్క పెట్టి, పైన అదే పీపీ ప్లాస్టిక్ కరిగించి పొయ్యాలి. పొగ పీల్చకుండా బయట కూర్చుని చెయ్యండి. ముందు వైపుకి వేడి పోకుండా ఒక్కోసారి రెండు మూడు సెకన్లే ఆనించండి, లేకపోతే పైన గుంట కనపడుతుంది.

రామగుండం_రైడర్
గా జాలీ యాడ దొరుకుతది సార్? నాకు గూడ ఒక ముక్క గావాలె, గ్లవ్ బాక్స్ కీలు ఇరిగి ఏడాదైతుంది.

బెజవాడ_బాడీషాప్
బంపర్లు అతికే షాపుల్లో అడుగు, షీటు లెక్కన అమ్ముతారు. గ్లవ్ బాక్స్ కీలు అయితే మాత్రం వెల్డింగ్ ఎక్కువ కాలం నిలవదు, రోజూ బరువు పడే చోటు అది. డబ్బా మొత్తం పాత సామాన్ల మార్కెట్లో చవకే, అదే వేసుకో. తీసేముందు డబ్బా పక్కన నెమ్మదిగా తెరుచుకోవడానికి ఒక చిన్న తాడో, డంపరో ఉందేమో చూడు, అది ముందు విప్పాలి.